మా బావగారి బండికి పెట్రోలు ఎక్కడి నుంచి ఎక్కువైంది?

మా బావగారి ఇల్లు రాజోలు దగ్గర, చేపల చెరువులు పాలకొల్లు అవతల. వారంలో నాలుగైదు సార్లు చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ దాటి వెళ్ళి రావలసిన పని కనుక, 2021లో ఆయన ఖరీదైన పెట్రోలు ఎస్‌యూవీ ఒకటి కొన్నారు. గాలిని నొక్కి లోపలికి పంపే టర్బో ఉన్న రెండు లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు, సిలిండర్ల లోపలికే నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు. కిందటి వేసవిలో, దాళ్వా కోతలు అయిపోయిన రోజుల్లో, ఒక సాయంత్రం ఆ వంతెన మీద చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. బండి నడకలో తేడా ఏమీ ఆయనకు తెలియలేదు. మర్నాడు ఊళ్ళోని షెడ్డులో స్కానర్ పెట్టిస్తే పి0172 అనే కోడ్ వచ్చింది. ఒకటో బ్యాంకులో, అంటే సిలిండర్ల మొదటి వరసలో, మిశ్రమం మరీ రిచ్‌గా ఉందని, అంటే ఇంజిన్‌లోకి వచ్చే గాలికి తగిన పాళ్ళ కన్నా పెట్రోలు ఎక్కువగా వస్తోందని దాని అర్థం. షెడ్డులోని కుర్రవాడు కోడ్ చెరిపేసి పంపించాడు. పది రోజులకు లైటు మళ్ళీ వెలిగింది, అప్పుడు బావగారు నాకు ఫోన్ చేశారు.

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన వాడిని. మా తరం ఈ విద్యను కార్బురేటర్ల మీద నేర్చుకుంది. ఆ రోజుల్లో రిచ్ మిక్చర్ అంటే సైలెన్సర్ నుంచి నల్ల పొగ, ప్లగ్గుల మీద మసి, మూసుకుపోయిన గాలి ఫిల్టర్, వెనక్కి నెట్టడం మరచిపోయిన చోక్. ఇప్పటి బండిలో ఆ జాబితాలో సగం పనికిరాదు. ముఖ్యంగా గాలి ఫిల్టర్ విషయంలో చాలామంది మెకానిక్కులు ఇప్పటికీ పాత అలవాటుతోనే మాట్లాడతారు. ఫిల్టర్ దాటి వచ్చిన గాలి ఎంతో ఎయిర్ ఫ్లో సెన్సర్ తూచి చెబుతుంది, కంప్యూటర్ దానికి తగినంత పెట్రోలే కొలిచి ఇస్తుంది. కాబట్టి ఫిల్టర్ దుమ్ము పట్టితే బండి లాగుడు తగ్గుతుందే కానీ మిశ్రమం రిచ్ కాదు. బావగారు నాకు ఫోన్ చేసే లోపలే కొత్త ఫిల్టర్ వేయించారు. దానివల్ల నష్టం ఏమీ లేదు, ప్రయోజనమూ లేదు.

నష్టం జరిగింది కోడ్ చెరిపేయడం వల్ల. కోడ్ నమోదైన క్షణాన ఇంజిన్ ఎంత వేడిగా ఉందో, ఎన్ని చుట్లు తిరుగుతోందో, బండి ఎంత వేగంలో ఉందో కంప్యూటర్ ఒక్క చిత్రంలా భద్రపరుస్తుంది. దానిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. నేరం జరిగిన గదిని పోలీసులు రాక ముందే కడిగేయడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. అందుకే రెండోసారి ఎవరినీ ముట్టుకోనివ్వవద్దని చెప్పి, నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ స్కానర్ తీసుకుని అమలాపురం నుంచి రాజోలు వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఇంట్లో అప్పటికే రెండు తీర్పులు సిద్ధంగా ఉన్నాయి. మాకు దగ్గరలోని అధీకృత సర్వీసు కేంద్రం 150 కిలోమీటర్లకు పైగానే దూరం. వారు కోడ్ ఏమిటో ఫోన్‌లో విని ఆక్సిజన్ సెన్సర్లు రెండూ మార్చాలని అంచనా పంపించారు. చుట్టుపక్కల వారి మాట వేరు. తప్పంతా పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌దేనని, 20 శాతం కలిపిన దగ్గర నుంచి ఖరీదైన బండ్లన్నీ ఇలాగే అవుతున్నాయని వారు గట్టిగా నమ్ముతున్నారు. ఈ రెండు మాటలకూ నా దగ్గర జవాబు ఉంది కానీ, బండిని చూడకుండా జవాబు చెప్పడం అంటే నేనూ ఆ పనే చేసినట్టవుతుంది. ముందు అంకెలు చూద్దామన్నాను.

ఇక్కడ ఫ్యూయల్ ట్రిమ్ అనే మాటను కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఈ వెతుకులాట అంతా దాని మీదే నడిచింది. స్వచ్ఛమైన పెట్రోలు ఒక పాలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి. గాలి ఎంత వచ్చిందో చూసి కంప్యూటర్ పెట్రోలు కొలిచి ఇస్తుంది, కాలిన తరువాత పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ముందరి ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. పెట్రోలు ఎక్కువైందని సెన్సర్ చెబితే, మరుక్షణం నుంచి తాను ఇచ్చే కొలతలో కంప్యూటర్ కొంత కోత పెడుతుంది. ఆ కోత శాతమే ట్రిమ్. అప్పటికప్పుడు చేసే దిద్దుబాటు షార్ట్ టర్మ్ ట్రిమ్, చాలాకాలంగా అదే దిద్దుబాటు అవసరమవుతోందని గ్రహించి గుర్తు పెట్టుకున్నది లాంగ్ టర్మ్ ట్రిమ్. అంకె ముందు మైనస్ ఉంటే కోత పెడుతోందని, ప్లస్ ఉంటే అదనంగా ఇస్తోందని అర్థం. రెండింటినీ కలిపి చూడాలి, విడివిడిగా చూస్తే పొరపాటు పడతాము. మంచి ఇంజిన్‌లో ఆ మొత్తం సున్నాకు అటూ ఇటూ కొద్ది శాతంలోనే తిరుగుతుంది. కోత పెట్టీ పెట్టీ ఇక తగ్గించే వీలు లేని హద్దుకు వచ్చినప్పుడు, ఆ హద్దు కంపెనీని బట్టి మారినా తరచుగా 20, 25 శాతం ప్రాంతంలో ఉంటుంది, కంప్యూటర్ పి0172 రాసి లైటు వెలిగిస్తుంది. అదీ వరసగా రెండు ప్రయాణాల్లో తప్పు కనిపిస్తేనే. కాబట్టి వంతెన మీద లైటు వెలిగినంత మాత్రాన తప్పు వంతెన మీదే పుట్టిందని అనుకోకూడదు.

మా ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఏముందో చూశాము. ఇంజిన్ వేడి 92 డిగ్రీలు, చుట్లు నిమిషానికి 720, బండి వేగం సున్నా. అంటే బండి ఎక్కడో ఆగి, ఐడ్లింగ్‌లో ఉండగా ఈ తప్పు నమోదైంది. లాంగ్ టర్మ్ మైనస్ 17, షార్ట్ టర్మ్ మైనస్ 7, కలిపి మైనస్ 24. కంప్యూటర్ తాను ఇవ్వవలసిన దానిలో దాదాపు నాలుగో వంతు తగ్గించి ఇస్తోంది, అలా తగ్గించడం వల్లనే బండి నల్ల పొగ లేకుండా, కుదుపు లేకుండా నడుస్తోంది. బావగారికి తేడా తెలియకపోవడానికి కారణం ఇదే.

ఇథనాల్ వాదన ఈ ఒక్క అంకెతోనే తేలిపోయింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది కాబట్టి ఒక పాలు ఇథనాల్ కాలడానికి 9 పాళ్ళ గాలి చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఆ లెక్క సుమారు 13.5 దగ్గర నిలుస్తుంది. అంటే అదే గాలికి ఈ పెట్రోలు మరికొంచెం ఎక్కువ పోయాలి, ట్రిమ్ ప్లస్ వైపు జరగాలి. ఇక్కడ జరిగింది మైనస్ వైపు. మన నూకలు, మొక్కజొన్న, చెరకు మడ్డి నుంచి వచ్చే ఇథనాల్ మీద మైలేజీ గురించి, పాత బండ్ల రబ్బరు గొట్టాల గురించి అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, వాటిని కొట్టిపారేయను. ఈ తప్పును మాత్రం దాని మీద వేయడం అన్యాయం.

మరొకరు మన గాలిలోని తేమను అనుమానించారు. ఈ అనుమానంలో కొంత శాస్త్రం ఉంది కనుక గౌరవంగానే లెక్క వేశాను. 30 డిగ్రీల వేడిలో గాలి తేమతో పూర్తిగా నిండిపోయినా, ఘనపరిమాణంలో నూటికి నాలుగు పాళ్ళకు కాస్త మించి నీటి ఆవిరి ఉండదు. ఆ ఆవిరిని కూడా సెన్సర్ గాలిగానే తూచిందనుకున్నా ట్రిమ్‌లో రెండు మూడు శాతం తేడా వస్తుందేమో. 24 శాతానికి అది సమాధానం కాదు.

ఇక సెన్సర్ల మాట. సెన్సర్ చెడిపోయి అబద్ధం చెబుతోందా అన్నది తప్పక అడగవలసిన ప్రశ్నే, కానీ కొత్తది కొని వేయకుండానే దానికి జవాబు దొరుకుతుంది. ఖాళీ రోడ్డు మీద బండిని కొంత వేగం అందుకోనిచ్చి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే, ఆ కొద్ది క్షణాలు కంప్యూటర్ పెట్రోలు బొత్తిగా ఆపేస్తుంది. అప్పుడు సైలెన్సర్ గుండా పోయేది వట్టి గాలే. ముందరి సెన్సర్ ఆ మార్పును వెంటనే చూపించాలి. దిండి దాకా వెళ్ళి వచ్చే దారిలో మూడుసార్లు ఇలా చేశాము, మూడుసార్లూ అంకె చటుక్కున ఎగిరి గాలి కొసకు చేరింది, పెట్రోలు మొదలవగానే తిరిగి వచ్చింది. వెనక సెన్సర్ కూడా దానికి తోడు పలికింది. సెన్సర్ నిజం చెబుతోంది. చెడు కబురు తెచ్చినందుకు దానిని పీకేస్తే కబురు మారదు.

అప్పుడు అసలు పరీక్ష చేశాము. ఐడ్లింగ్‌లో మైనస్ 24 ఉన్న మొత్తం, 2500 చుట్ల దగ్గర నిలకడగా పట్టి ఉంచితే మైనస్ 6కు తగ్గింది. ఈ తేడా చాలా చెబుతుంది. పిల్లకాలువలోకి ఏ మూలనుంచో ఉప్పునీరు ఊరుతుంటే చేను మాడిపోతుంది, అంతే ఉప్పునీరు పెద్ద కాలువలో కలిస్తే నాలుకకు కూడా తెలియదు. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి పిల్లకాలువ. చుట్లు పెరిగిన కొద్దీ అది పెద్ద కాలువ అవుతుంది. కాబట్టి ఇంజిన్ వేగంతో నిమిత్తం లేకుండా కొద్దిపాటి పెట్రోలు ఎక్కడి నుంచో కొలతకు అందకుండా ఊరుతోందని తేలింది. దీనికి విరుద్ధంగా, ఐడ్లింగ్‌లో బాగానే ఉండి బరువు లాగేటప్పుడు రిచ్ అయి ఉంటే, టర్బో తరువాతి గొట్టాల్లో చీలిక కోసం వెతికేవాడిని. తూచిన గాలి మధ్యలో బయటికి పోతే, లేని గాలికి కూడా పెట్రోలు పోసినట్టవుతుంది. ఇంజిన్ వి ఆకారంలో ఉండి రెండు బ్యాంకులు ఉన్న బండ్లలో రెండో బ్యాంకుకు ఇదే తప్పు చెప్పే పి0175 కూడా తోడుగా వచ్చిందా అని చూడాలి. రెండూ కలిసి వస్తే రెంటికీ ఉమ్మడిగా ఉన్న భాగంలో తప్పు ఉంటుంది, ఒక్కటే వస్తే ఆ పక్క ఇంజెక్టరో సెన్సరో అవుతుంది.

కొలతకు అందకుండా పెట్రోలు ఊరే దారులు మూడు. కారే ఇంజెక్టర్ ఒకటి. పెట్రోలు కలిసి పలుచబడిన ఇంజిన్ ఆయిల్ రెండోది. అందులోని ఆవిరి, ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే క్రాంక్ కేసు నుంచి వచ్చే గాలి గొట్టం ద్వారా తిరిగి ఇంజిన్‌లోకే వస్తుంది. హై ప్రెషర్ పంపు లోపల కారినా, ఎప్పుడూ చిన్న చిన్న దూరాలే తిరిగినా ఇలా జరుగుతుంది. మూడోది ట్యాంకు ఆవిరి. ఈ బండిలో ఆయిల్ చూసే పుల్ల లేదు, తెర మీద మట్టం చూసుకోవలసిందే. మట్టం పెరగలేదు, మూత తీసి వాసన చూస్తే పెట్రోలు ఘాటు లేదు. పై తొడుగు తీసినప్పుడు కొబ్బరి పీచుతో కట్టిన ఎలుక గూడు ఒకటి బయటపడింది. కోతలయ్యాక చేలలోని ఎలుకలు షెడ్లలోకి రావడం మనకు మామూలే. వైర్లన్నీ ఒక్కొక్కటిగా తడిమి చూశాను, అదృష్టం కొద్దీ ఏదీ కొరకలేదు.

ఆ సమయంలో బావగారిని యథాలాపంగా ఒక మాట అడిగాను. బండి స్టార్ట్ అవడంలో ఎప్పుడైనా ఇబ్బంది ఉంటోందా అని.

“రోజూ ఏమీ ఉండదయ్యా. బంకులో పెట్రోలు కొట్టించాక మాత్రం సెల్ఫ్ కాస్త ఎక్కువసేపు తిప్పాలి. ఆ పెట్రోలులోనే ఏదో ఉందని బంకు కూడా మార్చి చూశాను.”

“బావగారూ, ఎంత కొట్టిస్తారు?”

“ఫుల్ ట్యాంకే. ఆటో కట్ అయ్యాక కూడా రౌండ్ ఫిగర్ వచ్చేదాకా పోయమంటాను. మెడ దాకా కనిపిస్తే కానీ నాకు తృప్తి ఉండదు.”

నాకు దారి దొరికింది అక్కడే. ట్యాంకులో పుట్టే పెట్రోలు ఆవిరిని బయటి గాలిలోకి వదలకూడదు కాబట్టి, దానిని బొగ్గు గుళికలు నింపిన ఒక డబ్బాలోకి పంపిస్తారు. దానిని చార్‌కోల్ కానిస్టర్ అంటారు. బొగ్గు ఆ ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ వేడెక్కి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ అనే చిన్న కవాటాన్ని కంప్యూటర్ తనకు వీలైనప్పుడు, వీలైనంత మేరకు తెరిచి ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి పీల్చి కాల్చేస్తుంది. కరెంటు అందనప్పుడు ఆ వాల్వ్ గట్టిగా మూసుకుని ఉండాలి. అది మూసుకోకుండా ఉండిపోతే, ట్యాంకు నింపిన వెంటనే నిండుగా ఉన్న ఆవిరి అదుపు లేకుండా లోపలికి వస్తుంది. సెల్ఫ్ ఆలస్యం కావడానికీ, ఐడ్లింగ్‌లో రిచ్ కావడానికీ అదే మూలం. ట్యాంకు సగానికి దిగి డబ్బా ఆరిపోయాక అదే దారిలో వట్టి గాలి వస్తుంది, అప్పుడు ట్రిమ్ ప్లస్ వైపు తిరుగుతుంది. మూడు ప్రయాణాలు తప్పు కనిపించకపోతే లైటు దానంతట అదే ఆరిపోతుంది కూడా. ఒక్క తప్పు రెండు ముఖాలు చూపించడం వల్లనే అది వస్తూ పోతూ ఉన్నట్టు అనిపిస్తుంది.

మర్నాడు ఉదయం, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, రావులపాలెం నుంచి వచ్చిన తెలిసిన మెకానిక్ చేత కానిస్టర్ వైపు గొట్టాన్ని వాల్వ్ నుంచి ఊడదీయించాను. బండి స్టార్ట్ చేశాము. పర్జ్‌కు కంప్యూటర్ ఇస్తున్న ఆజ్ఞ సున్నా శాతమని స్కానర్ చూపిస్తోంది. వాల్వ్ మూతి మీద వేలు పెట్టమన్నాను.

“ఆయ్, లాగేస్తోందండి. బాగా లాగేస్తోంది.”

కరెంటు కనెక్టర్ పీకేసినా లాగుడు ఆగలేదు. తప్పు వైర్లలో లేదు, వాల్వ్ లోపలే ఉంది. ఆ మూతిని బిగుతుగా మూసేసి, ఇంజిన్ వేడెక్కాక ట్రిమ్ చూస్తే, షార్ట్ టర్మ్ మైనస్ నుంచి ప్లస్ 20కి ఎగబాకింది. ఇది చూసి మెకానిక్ కంగారుపడి, ఇప్పుడు బండి పెట్రోలు చాలక మాడుతోందేమో అన్నాడు. ఆ ప్లస్ 20 కొత్త తప్పేమీ కాదు. లాంగ్ టర్మ్ మైనస్ 17 దగ్గరే పాత అలవాటు కొద్దీ నిలిచి ఉంది, అది మెల్లగా కానీ మారదు. రెండూ కలిపితే ప్లస్ 3. రోగం పోయింది, మందు మోతాదు ఇంకా తగ్గించలేదు, అంతే.

వాల్వ్ విప్పి తెల్ల గుడ్డ మీద తట్టితే నల్లటి నలుసులు రాలాయి. కానిస్టర్‌లోని బొగ్గు. ఆ డబ్బా ఆవిరి కోసం కట్టినది, ద్రవం కోసం కాదు. మెడ దాకా పోసిన పెట్రోలు డబ్బాలోకి పొంగి బొగ్గును తడిపి, గుళికలను చెడగొట్టి, ఆ నలుసులను వాల్వ్ దాకా మోసుకొచ్చింది. అందువల్ల వాల్వ్ ఒక్కటే మారిస్తే నెల తిరక్కుండా కొత్త వాల్వ్‌లోనూ అవే నలుసులు ఇరుక్కుంటాయి. రెండూ మార్చి, మధ్య గొట్టాన్ని గాలితో ఊది శుభ్రం చేయాలి. ఈ అంకెలన్నీ కాగితం మీద వరసగా రాసి సర్వీసు కేంద్రానికి పంపించాను. వారి వర్క్‌షాపు పెద్దాయన కాగితం చదివి, సెన్సర్ల అంచనా ఉపసంహరించుకుని, ఈ రెండు భాగాలూ తెప్పించారు. రెండింటి ఖరీదూ కలిపినా సెన్సర్ల అంచనాలో సగం కాలేదు. డబ్బు కన్నా నాకు తృప్తి కలిగించినది వేరే ఉంది. ఇలా రిచ్‌గా నెలల తరబడి నడిచి, దిద్దుబాటు హద్దు దాటిపోయి ఉంటే, కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేయడానికి సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దానిని పాడుచేసేది. లైటు నిలకడగా వెలుగుతుంటే కొన్ని రోజుల్లో చూపించుకోవచ్చు. అదే లైటు ఆరి వెలుగుతూ ఉంటే, సిలిండర్లలో మంట తప్పుతోందని అర్థం, బండిని అక్కడే పక్కకు ఆపాలి.

భాగాలు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. అవి బిగించి, కంప్యూటర్ నేర్చుకున్న పాత దిద్దుబాట్లను చెరిపి, నాలుగు రోజులు మామూలుగా తిప్పమన్నాను. తరువాత బావగారు పాలకొల్లులో ఆటో కట్ దగ్గరే ఆపించి ట్యాంకు నింపించుకుని, తిన్నగా మా ఇంటికి వచ్చారు. బంకులో సెల్ఫ్ ఒక్క తిప్పుకే అందుకుందని గుమ్మంలోనే చెప్పారు. స్కానర్ పెట్టి చూశాను. ఐడ్లింగ్‌లో ప్లస్ 4, 2500 చుట్ల దగ్గర ప్లస్ 4. ఈ బండి కొన్న నాడు దాని కంప్యూటర్‌కు తెలిసినది 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇప్పుడు తాగుతున్నది 20 శాతం కలిసినది. ఆ రెండింటి మధ్య తేడా లెక్క కడితే వచ్చేది ఇంచుమించు ఆ నాలుగు శాతమే.